వాసిల్ బావ హెల్మెట్ల వరస

మా ఊళ్ళో నేనేం చెప్పినా సగం కొట్టేసి వింటారు. నది గడ్డకట్టిన చలికాలం అవతలి ఒడ్డుకి సైకిలు మీద వెళ్ళాననీ, తిరిగొచ్చేటప్పటికి ఎండకి మంచు కరిగిపోతే, తొక్కడం ఆపకుండా నీళ్ళ మీదే ఇవతలికి వచ్చేశాననీ ఒకసారి చెప్పాను. దాన్ని నమ్మినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళలో ఒకాయన చర్చి ఫాదరు. మా వాసిల్ బావ వరదలో ఇరుక్కున్న సంగతి మాత్రం ఒక్కడూ నమ్మడు. "పోవోయ్ ఆగీ, బొమ్మ హెల్మెట్ చూసి నీళ్ళ లోతు చెప్పడమేమిటి?" అని నవ్వుతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీంట్లో నేను చిటికెడు ఉప్పు కూడా కలపలేదు. కలిపే ధైర్యం లేదు.

వాసిల్ హుడాక్ మా చెల్లెలు వెర్నా మొగుడు. పెన్సిల్వేనియాలో, నదికీ కొండకీ మధ్య సందులో కట్టుకున్న ఊరు మాది. ఉక్కు ఫ్యాక్టరీ నడిచినంతకాలం బావా నేనూ ఒకే కొలిమి ముందు మాడిపోయాం. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను కబుర్లలో పడ్డాను, ఆయన హెల్మెట్లలో పడ్డాడు.

తలకి పెట్టుకునేవి కావు. నిమ్మకాయంత ప్లాస్టిక్ బొమ్మలు. కిరాణా కొట్టు గుమ్మం పక్కన నాణెం వేసి పిడి తిప్పితే గుండ్రటి డబ్బీలో వచ్చి పడతాయే, అవి. వాటి మీద పెద్ద పెద్ద నగరాల జట్ల రంగులుంటాయి. బావ ఆ రంగులు గీకేసి మా లోయలోని బడి జట్ల రంగులు వేసేవాడు. మా ఊరి బడికి సుత్తి గుర్తు. నది అవతల వాళ్ళకి కొంగ. ఎగువ ఊరి వాళ్ళకి అడవిపంది. బంతి చంకలో పెట్టుకుని పొట్టేళ్ళలా ఢీకొట్టుకునే మా ఫుట్‌బాల్ చూడ్డానికి శుక్రవారం సాయంత్రం ఊరంతా కదిలొస్తుంది. అందరూ బంతిని చూస్తారు. బావ బైనాక్యులర్ పెట్టుకుని బుర్రల్ని చూస్తాడు.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అడిగేవాణ్ణి. "ఎవరు గెలిచారు బావా?"

"కొంగ ముక్కు కిందికి వంచేశారురా ఈ ఏడు. ఎవడికి పుట్టిందో ఆ బుద్ధి."

"అది కాదయ్యా, ఎవరు గెలిచారు?"

"నాకేం తెలుసు? నువ్వూ వచ్చావుగా!"

హెల్మెట్ మీది గీత వెడల్పు వెంట్రుకవాసి మారినా, మొహానికి అడ్డుండే కమ్మీలు బూడిదరంగు నుంచి నల్లరంగుకి మారినా, బావ ఇంటికెళ్ళి కొత్త బొమ్మ తీసి సన్న కుంచెతో కూర్చునేవాడు. ఇంటికింద నేలమాళిగలో, కిటికీ ఉన్న గోడకి అరలు కొట్టాడు. అడుగు అరలో తాతలనాటి తోలు హెల్మెట్లు, అంటే తోలురంగు పూసినవి. దానిపైన మొహానికి ఒకే ఒక్క కమ్మీ ఉన్నవి. దానిపైన మొహం ముందు బూడిదరంగు కమ్మీల పంజరం ఉన్నవి. దానిపైన రంగు పంజరాలవి. అన్నిటికన్నా పైన, కిటికీ గడపకి కాస్త కిందుగా, ఈమధ్య వచ్చిన అద్దంలా మెరిసేవి. ఏళ్ళు గడిచేకొద్దీ పైన ఇంకో అర కొట్టుకుంటూ పోయాడు మరి. ఎడమ నుంచి కుడికి, కింద నుంచి పైకి, ఒక్కటి కూడా అటూ ఇటూ కావడానికి వీల్లేదు. ఒకసారి వెర్నా దుమ్ము తుడుస్తూ రెండు కొంగల్ని తారుమారుగా పెట్టిందని ఆ పూట బావ, మాంసం కూరి వండిన క్యాబేజీ చుట్టలు ముట్టలేదు. మా చెల్లెలు చేసిన క్యాబేజీ చుట్టలు వద్దన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ సెప్టెంబరులో, దక్షిణాన సముద్రంలో పుట్టిన తుఫాను ఒకటి నడిచి నడిచి మా కొండల మీదికొచ్చి కూలబడింది. వారమంతా వాన. శుక్రవారం మధ్యాహ్నం రేడియోలో ఆ సాయంత్రం మ్యాచ్‌లు లేవన్నారు. ఆ మాట పూర్తికాకముందే ఫైర్ స్టేషన్ సైరన్ మొదలైంది. మొదలైంది కానీ ఆగలేదు. నేను కొండమీద ఉంటాను, వాళ్ళు దిగువన వాగు వీధిలో. ఫోన్ మోగింది.

"అన్నయ్యా, తొందరగా రా. నేలమాళిగలో మురుగు తూములోంచి నీళ్ళు పైకి తన్నుకొస్తున్నాయి. మీ బావ కిందే ఉన్నాడు."

"పైకి రమ్మను."

"నేను చెబితే వినే మనిషేనా? నువ్వొచ్చి నాలుగు తిట్టు."

గబగబా దిగాను. ఆ వాగు మామూలు రోజుల్లో బూటు తడవకుండా దాటేంతది. దాన్ని సముద్రం చేసి నేను చాలా కథలు చెప్పాను. ఆ రోజు అది నన్ను మించిపోయింది. గోధుమరంగులో, వీధి చివరి ఇళ్ళ కిటికీల ఎత్తున పోతోంది. ఎవరిదో కుక్కగూడు, ఎవరిదో వంటింటి తలుపు, వేళ్ళతో సహా ఒక చెట్టు. వాటి చప్పుడు కన్నా భయం వేసింది ఆ నీళ్ళ కిందినించి వచ్చే చప్పుడుకి. అడుగున బండరాళ్ళు దొర్లుతున్నాయి. కొలిమి పక్కన బతికినవాణ్ణి, చప్పుళ్ళకి జడిసేవాణ్ణి కాదు. ఇది కాళ్ళలోంచి పైకెక్కింది.

ఇల్లు వాలులో ఉంది. వీధివైపు పల్లం, నేలమాళిగ కిటికీ ఉన్న పక్క మెరక. ఆ పక్క తడిగడ్డిలో వెర్నా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పక్కన బట్టలు పెట్టుకునే బుట్ట. మా వీధుల్లో అందరిళ్ళలాగే ఆ కిటికీ కూడా గాజు ఇటుకలతో కట్టేసిందే. వెలుగు లోపలికొస్తుంది, దొంగ దూరలేడు, లోపలేముందో కనపడదు. గాలికోసం మధ్యలో అరచెయ్యంత కన్నం, దానికో రేకు మూత. ఆ కన్నంలోంచి బావ చెయ్యి బయటికొచ్చింది. వేళ్ళ మధ్య ఒక హెల్మెట్. వెర్నా దాన్ని తీసుకుని బుట్టలో పెట్టింది.

"ఏం బావా, కొట్టు తెరిచావా?" అన్నాను.

"వాగకుండా బుట్ట పట్టు. తోలువి అయిపోయాయి, ఒంటికమ్మీవి ఇస్తున్నా. కలిపేరు, చంపేస్తా!"

"ముందు నువ్వు బయటికి రా. బొమ్మలెక్కడికీ పోవు."

"పోకేం? ఎగువన ఇళ్ళే పోతున్నాయట. చీలమండ కూడా మునగలేదురా ఇక్కడ. ఈ అర కాగానే వచ్చేస్తా."

"నీ పొట్ట అడ్డమొచ్చి చీలమండలు చూసి ఎన్నాళ్ళయిందో, నీకెలా తెలుసు?"

లోపలినుంచి నవ్వు వినిపించింది. అదే ఆ రోజుకి ఆఖరి నవ్వు.

ఆ తర్వాత ఏదో బరువైనది మెల్లగా ఒరిగి గోడకి తగిలినట్టు ఒక చప్పుడైంది. నేల కూడా కదిలినట్టనిపించింది.

"ఏమిటది?" అంది వెర్నా.

"ఏం లేదు. ఫ్రీజర్ తేలింది."

మనిషి పడుకునేంత పొడుగున్న పెట్టె ఫ్రీజరది. మెట్ల కింద తలుపు పక్కనే ఉంటుంది. జింకల వేట ఇంకా మొదలుకాని రోజులు. వెర్నా చేసిపెట్టిన పిరోగీలు, అంటే బంగాళదుంప కూరిన ఉడుకు కజ్జికాయలు, వాటి సంచులు కొన్ని తప్ప అందులో ఏమీ లేదు. నిండా మాంసముంటే నేలకి అంటుకుని ఉండేది. ఖాళీ కాబట్టి పడవైంది.

లోపల తలుపు పిడి తిరిగిన చప్పుడు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ. కన్నం దగ్గరికి వచ్చిన గొంతు బావదే, కానీ అంతకుముందు నేనెప్పుడూ వినని గొంతు.

"ఒరే ఆగీ. తలుపు రావట్లేదురా."

వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనే వేసుకోమన్నాను," అంది. "పెయింటు వాసన పైకొస్తోందని, ఎప్పుడు దిగినా తలుపు వేసుకోమని నేనే పోరుపెట్టాను."

నేను ఇంట్లోకి పరిగెత్తాను. కరెంటు పోయింది. మెట్ల మీంచి చూస్తే అడుగున నల్లగా నీళ్ళు, మురుగు కంపు, దాని మీద కిరసనాయిలు వాసన. నేను మోకాళ్ళదాకా దిగి తలుపు మీద భుజం వేశాను. అది లోపలికి తెరుచుకునే తలుపు. రెండు వేళ్ళు పట్టేంత సందు వచ్చింది. ఆ సందులో తెల్లగా ఫ్రీజర్ పక్క కనిపించింది. అది తలుపుకీ ఎదురుగోడకీ మధ్య అడ్డంగా బిగుసుకుంది. ఇంకా గట్టిగా తోశాను. అది కాస్త కదిలి, నీళ్ళ ఊపుకి మళ్ళీ వచ్చి తలుపుని నా మొహమ్మీదే మూసింది. లోపల ఎవరో పెద్ద మనిషి నిలబడి తీరిగ్గా తోస్తున్నట్టుంది.

"బావా! అటునుంచి లాగు!"

"కాలు నిలవట్లేదురా! నేలంతా జారుడు!"

నేను నిలబడ్డ మెట్టు మీదినుంచి కదల్లేదు. కానీ మోకాలి దగ్గరున్న నీళ్ళు తొడ దాకా వచ్చాయి. ఇంకాసేపు అక్కడే ఉంటే నేను కూడా అటువైపు మనిషినవుతాననిపించింది. వెనక్కి తిరిగి ఎక్కాను. ముందు తలుపులోంచి బయటపడేసరికి వీధిలోని నీళ్ళు వసారా మెట్ల మీదికొచ్చేశాయి, రెయిలింగ్ పట్టుకుని దిగి, మెరక మీదికి పాకాను. ఇక ఇంట్లోకి దారి లేదు.

"ఫైర్ స్టేషన్‌కి చెప్పావా?" అని అడిగాను.

"నీకన్నా ముందే. ఉన్న ఒక్క పడవా దిగువ వీధిలో ఉందిట. వస్తామన్నారు." అలా అంటూనే వెర్నా కన్నంలోకి వంగింది. "వాసిల్, ఎంతదాకా వచ్చాయి?"

"మోకాలు. మోకాలి కిందే."

చెయ్యి బయటికొచ్చింది. కొంగ హెల్మెట్. బూడిదరంగు పంజరం. మూడో అరది. నీళ్ళు కారుతున్నాయి.

మూడో అర బావ నడుమెత్తున ఉంటుంది. నాకు తెలుసు, వెర్నాకి తెలుసు. అయినా నా నోరు ఊరుకుంటుందా? "చెయ్యి బయటికొచ్చింది కదా, వానకి తడిసింది," అన్నాను.

మా చెల్లెలు నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అన్నయ్యా, నీ సైకిలు కథలు నా దగ్గర కాదు. ఆ అరలు తుడిచేది నేను." హెల్మెట్‌ని వంచింది. లోపల్నుంచి మట్టినీళ్ళు ఆమె అరచేతిలోకి కారాయి. "వాన దీని లోపల బురద పోసిందా?"

నేను కన్నం మీదికి వంగాను.

"బావా, కిటికీ పగలగొట్టేస్తా," అని అరిచాను.

"వద్దు! పై అర దీని కిందే ఉంది. గాజు పడితే ఒక్కటీ మిగలదు. పడవ వస్తోందన్నారుగా."

"వాసిల్ హుడాక్," అంది వెర్నా, "నీ బొమ్మలు గంగలో కలవనీ, నువ్వు..."

"నా పని నన్ను చెయ్యనియ్యవే," అన్నాడు లోపల్నుంచి. "చేతులు ఆగితే..."

ఆ మాట పూర్తిచెయ్యలేదు. మాకు అర్థమైంది. ఆయన ఇప్పుడు హెల్మెట్లు కాపాడ్డం లేదు. చేతికి ఒక పని ఉంది, దానికో వరస ఉంది, ఆ వరస పట్టుకుని నిలబడ్డాడు.

అందుకని వెర్నా వాదించలేదు. చెయ్యి బయటికొచ్చినప్పుడల్లా తీసుకుంది. తీసుకున్నప్పుడల్లా ఒక ప్రశ్న అడిగింది. "ఇది ఏ ఏడుదయ్యా? ఈ గీత పక్కన తెల్లగా ఏమిటి?"

"కొత్త కోచ్ వచ్చిన ఏడు. గీత ఒంటరిగా ఉందని వాళ్ళావిడ పక్కన తెల్లంచు వేయించింది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు. కోచ్ పోయాడు, అంచు మిగిలింది."

"ఇదీ?"

"అడవిపంది కోరలు పెద్దవి చేసిన ఏడు. మన పిల్లలు జడుసుకున్నారని."

"ఇదీ?"

"కొంగ."

ఆ తర్వాత "ఊఁ." ఆ తర్వాత మాటే లేదు, చెయ్యి ఒక్కటే. ప్రతి హెల్మెట్‌లోనూ నిండా నీళ్ళు. అంటే నీళ్ళలోకి చెయ్యి పెట్టి, తడిమి, ఒక్కోటి పైకి తీస్తున్నాడన్నమాట. ఎప్పుడు వంగుతున్నాడో చెప్పగలిగాను, ఎందుకంటే ఆ కాసేపూ ఆయన ఊపిరి వినపడేది కాదు. ఆ ఊపిరి మళ్ళీ వినపడేదాకా వెర్నా, నేనూ కూడా ఊపిరి పీల్చలేదు.

వీధి నీళ్ళు కంచె దాటి గడ్డిలోకొచ్చాయి. మెల్లగా, పిల్లిలా. బుట్ట అడుగు తడిసింది. బుట్టని పైకి జరిపాను. ఇంకాసేపటికి మళ్ళీ జరిపాను. ఈ నీళ్ళు కన్నం దాకా వస్తే లోపలి నీళ్ళకి ఇవి తోడవుతాయి. పడవ కోసం వీధి చివరకి చూశాను. వాన తప్ప ఏమీ లేదు.

అప్పుడు చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది. మా ఊరి సుత్తి హెల్మెట్. అద్దంలా మెరిసిపోతోంది. దాన్ని తీసుకున్నది నేను. లోపల వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది!

"వెర్నా! పొడిదే! నీళ్ళు ఆగాయి. బావా, నీళ్ళు ఆగాయి కదూ?"

వెర్నా దాన్ని నా చేతిలోంచి లాక్కుని చూసింది. మొహంలో రంగు పోవడమంటే ఏమిటో చాలాసార్లు చెప్పాను గానీ, చూడ్డం అదే మొదలు.

"ఇది పై అరది అన్నయ్యా."

"అయితే?"

"రంగు పంజరాలవి ఒక్కటీ ఇవ్వలేదు. మూడో అర తర్వాత ఇదిచ్చాడు." ఆమె పెదాలు సరిగ్గా కదలడం లేదు. "మీ బావ వరస తప్పాడు."

నాకు అప్పుడు తెలిసింది. పెళ్ళినాటి నుంచీ ఆ మనిషి సాక్స్ కూడా వరస తప్పి వేసుకోలేదు. కన్నంలోకి నోరుపెట్టి వెర్నా అడిగింది. "వాసిల్, నాలుగో అరవేవీ?"

"అందట్లేదే," అన్నాడు. "వంగితే నీళ్ళు మొహమ్మీదికొస్తున్నాయి. టార్చి పడిపోయింది. ఇక్కడేం కనపడట్లేదు వెర్నా."

కన్నంలోంచి నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి. ఈసారి వాటిలో హెల్మెట్ లేదు. ఆ రేకు అంచుని పట్టుకున్నాయి. గోళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాయి.

షెడ్డు ఇంటి వెనక మెరకమీద ఉంది. వెళ్ళి కట్టెలు చీల్చే సమ్మెట తెచ్చాను. నేనొచ్చేసరికి వెర్నా ఆ వేళ్ళని తన రెండు చేతుల్తో కప్పి ఉంది.

"బావా, వెనక్కి జరుగు. పగలగొడుతున్నా."

వేళ్ళు కదల్లేదు.

"ఒరే బావా, నీ మొహమ్మీద పడుతుంది గాజు. జరుగు!"

"ఇది వదిలితే ఎటు వెళ్ళాలో తెలీదురా," అంది గొంతు. "ఇది ఒక్కటే ఉంది. వదలను. మీరు కొట్టొద్దు. వదలను."

వెర్నా ఒక వేలు విడదీసింది. అది మళ్ళీ వచ్చి అతుక్కుంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. నీళ్ళు ఆమె మోకాళ్ళ చుట్టూ చేరాయి. నేను సమ్మెట ఎత్తిపట్టుకునే ఉన్నాను. కొట్టాలి, కొడితే ఆ వేళ్ళు పోతాయి, వేళ్ళ వెనకాలే మొహం ఉంది. కొట్టకపోతే మొహమే ఉండదు. నేను ఏడుస్తున్నానని నాకు తెలీలేదు, వానలో తెలీదు కదా.

అప్పుడు మా చెల్లెలు గొంతు సర్దుకుంది. సాయంత్రం భోజనానికి పిలిచే గొంతుతో, కాస్త విసుగ్గా, మామూలుగా అంది:

"వాసిల్, ఈ సుత్తి ఒక్కటే ఇచ్చావు. దీంతో వచ్చిన అడవిపంది ఏది? ఈ ఏటిది?"

లోపల ఊపిరి చప్పుడు.

"కుడి చివర," అన్నాడు.

"అది ఇయ్యి."

"ఆ చివర దాకానా?"

"చివర దాకానే. మిగతావన్నీ ఇక్కడుండి అదొక్కటే లేకపోతే ఎట్లా? అర పట్టుకుని నడువు. అర ఎక్కడుందో నీకు చూడక్కర్లేదు."

ఏమీ కాలేదు. వాన, వాగు అడుగున దొర్లే రాళ్ళు. తర్వాత చిటికెనవేలు వదిలింది. దాని పక్క వేలు. ఒక్కొక్కటే లోపలికి పోయాయి. గోడకి అవతల ఆయన భుజం అరని రాసుకుంటూ కుడివైపుకి పోతున్న చప్పుడు వినిపించింది, బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపించింది. వెర్నా ఆ చప్పుడు వెంట తన వేలితో గోడమీద చూపిస్తూ పోయింది. కిటికీ అంచు దాటిన చోట వేలు ఆగింది. నా వైపు తల ఊపింది.

కొట్టాను. గాజు ఇటుక బయటి మొహం పగిలింది. లోపలి మొహం అలాగే నిలబడింది. అది గుల్లది కదా, రెండు గోడలుంటాయి. మళ్ళీ కొట్టాను. ఫ్యాక్టరీలో దెబ్బతిన్న భుజం అక్కడే జారిపోయింది, సమ్మెట చేతిలోంచి పడిపోయింది. వెర్నా దాన్ని నీళ్ళలోంచి తీసింది. మా అమ్మ కోడిమెడ కోసేటప్పుడు ఎలా పెదవి కరిచేదో అలా కరిచి కొట్టింది. ఒక ఇటుక లోపలికి పడింది. పక్కది పడింది. గాజు, సిమెంటు, పై అర మీది హెల్మెట్లు కలిసి నుజ్జయిన చప్పుడు. ఆమె ఆగలేదు. మనిషి పట్టేంత కన్నమైంది. అది ఎంత పెద్దదైతే అంత తొందరగా బయటి నీళ్ళు దానిలోకి జారడం మొదలెట్టాయి.

"వాసిల్! ఇటు! వెలుగు చూడు, ఇటు!"

జవాబు లేదు.

"వాసిల్!"

నీళ్ళు లోపలికి పడుతున్న చప్పుడు ఒక్కటే. నేను పడుకుని తల లోపలికి పెట్టాను. నల్లటి నీళ్ళు గడపకి అరచెయ్యంత కిందే ఉన్నాయి. వాటిమీద నిమ్మకాయల్లా హెల్మెట్లు తేలుతున్నాయి. కుడివైపు చీకటి. అందులో ఏదీ కదలడం లేదు. నేను "బావా" అన్నాను గానీ చప్పుడు రాలేదు. నా నోట్లోంచి మాట రాకపోవడం!

ఆ చీకట్లోంచి చెయ్యి వచ్చింది. దాంట్లో ఏ హెల్మెట్టూ లేదు. ఖాళీ చెయ్యి, వేళ్ళు విడదీసి, ఏదైనా పట్టుకోవడానికి వెతుకుతున్న చెయ్యి.

ఆ చెయ్యి పట్టుకున్నాను. వెర్నా నా పక్కనించి వంగి చొక్కా పట్టుకుంది. లాగాం. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, పొట్ట దగ్గర బిగుసుకుంది. ఆ పొట్టమీద నేను జీవితమంతా హాస్యాలాడాను. అప్పుడు ఒక్కటి కూడా గుర్తురాలేదు. బిగుసుకున్న మనిషి చుట్టూ నీళ్ళు లోపలికి పోటెత్తుతున్నాయి, గాజు అంచు ఆయన నడుములోకి దిగుతోంది, ఆయన మాత్రం అరవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి వెర్నాని చూస్తున్నాడు, అంతే. ఆమె ఆయన బెల్టు ఊడదీసింది. కాళ్ళు గోడకి తన్నిపెట్టి, పళ్ళు బిగించి, ఇద్దరం వెనక్కి పడిపోయేలా లాగాం. వచ్చాడు. ఆయన కాళ్ళు బయటపడ్డ చోట నీళ్ళు గబుక్కున కన్నాన్ని నింపేశాయి, ఇక అక్కడ కిటికీ ఉన్నట్టే లేదు.

మేం మెరక మీదికి పాకేసరికి బుట్ట తేలింది. నేను అందుకోబోయాను. వెర్నా నా చొక్కా పట్టి ఆపింది. బుట్ట ఒరిగి, తోలువీ ఒంటికమ్మీవీ పంజరాలవీ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వీధిలోకి కొట్టుకుపోయాయి. ఎరుపూ తెలుపూ నారింజా గుంపుగా మలుపు తిరిగాయి. బావ చూశాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను, ఏమంటాడోనని. మొహం అటునుంచి తిప్పుకుని వెర్నా భుజంలో దాచుకున్నాడు.

కొండమీద మా వంటింట్లో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టబోయాం. కూర్చోలేదు. గోడకి వీపానించి నిలబడ్డాడు, తలుపు కనపడేలా. నడుముకి వెర్నా తువ్వాలు కట్టింది, అందులోంచి రక్తం ఊరుతోంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. మాట్లాడించాలి కదా. నాకు చేతనైనది అదొక్కటే కదా. ఒక కథ మొదలెట్టాను. రెండు మాటల తర్వాత అది ఎటు పోవాలో తెలీలేదు, ఆపేశాను.

కాఫీ పెడదామని కెటిల్ తీసుకుని కుళాయి తిప్పాను. నీళ్ళు పడ్డ చప్పుడుకి బావ గోడకి అంటుకుపోయాడు. రెండు చేతులూ పైకి లేచాయి, ఎక్కడో పట్టుకోవడానికి ఏదో వెతుకుతున్నట్టు.

"ఆపరా," అన్నాడు. "ఆగీ, ఆపు."

కుళాయి కట్టేశాను. ఖాళీ కెటిల్ చప్పుడవకుండా బల్లమీద పెట్టాను. పైన రేకు కప్పుమీద వాన పడుతూనే ఉంది. దాన్ని ఎలా కట్టెయ్యాలో నాకు తెలీలేదు. వెర్నా లేచి వెళ్ళి, గోడ దగ్గర ఆయనకెదురుగా నిలబడి, రెండు అరచేతుల్తో ఆయన రెండు చెవులూ మూసింది. వాన వెలిసేదాకా ఆ చేతులు తియ్యలేదు.